లినక్స్ టెర్మినల్ ఎమ్యులేటర్ల వేగం, అమరికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

టెర్మినల్ గురించి నన్ను అడిగే ప్రశ్నలన్నీ చివరికి రెండింటి దగ్గరికే చేరతాయి: ఏది వేగంగా పనిచేస్తుంది, దాన్ని మనకు నచ్చినట్టు ఎలా అమర్చుకోవాలి? మొదటి ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పేవారిని నమ్మకండి. వేగం అనే మాట కింద వేరువేరు సంగతులున్నాయి. వాటిని కలిపేయడం వల్లే ఇంత గందరగోళం. తెలుగు పదాల జాబితాలతో, లాగ్ ఫైళ్లతో రోజులో ఎక్కువ భాగం టెర్మినల్‌లోనే గడిపే మనిషిగా ఆ ముడులను ఇక్కడ విప్పడానికి ప్రయత్నించాను.

టెర్మినల్‌కూ షెల్‌కూ తేడా ఏమిటి?

ఇది తెలియకపోతే కింద చెప్పేదేదీ అతకదు, కాబట్టి ముందు దీన్నే చూద్దాం. మీరు టైపు చేసిన ఆదేశాన్ని అర్థం చేసుకుని నడిపేది షెల్: బాష్, జడ్‌షెల్, ఫిష్ వంటివి. టెర్మినల్ ఎమ్యులేటర్ పని వేరు. మీరు నొక్కిన మీటను అది షెల్‌కు అందిస్తుంది, అటునుంచి వచ్చిన అక్షరాలను తెర మీద గడుల్లో పేరుస్తుంది. ఈ రెండింటి మధ్య లినక్స్ మూలభాగమైన కెర్నెల్ వేసే గొట్టం లాంటి దారి పేరు పీటీవై.

ఒకప్పుడు ఈ పని నిజమైన యంత్రాలు చేసేవి కనుకనే ఎమ్యులేటర్ అన్న పేరు వచ్చింది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100 వాటిలో అందరికీ తెలిసినది. దాని తెర మీద వరుసకు 80 అక్షరాల చొప్పున 24 వరుసలు పట్టేవి. ఈనాటికీ చాలా టెర్మినళ్ల విండో మొదటిసారి తెరిస్తే అదే కొలతతో వస్తుంది.

‘ఈ టెర్మినల్ వేగమైనది’ అంటే దేన్ని కొలిచినట్టు?

మూడింటిలో ఏదో ఒకదాన్ని. ఏదన్నది చెప్పకుండా అంకెలు చూపిస్తే ఆ అంకెలకు విలువ లేదు.

ఒకటి, దిగమింగే వేగం. ఏదైనా ప్రోగ్రాము వేల వరుసలు కుమ్మరించినప్పుడు వాటిని టెర్మినల్ పీటీవై నుంచి ఎంత త్వరగా తీసుకుని పరిష్కరించగలదన్నది ఇది. టెర్మినల్ వెనకబడితే గొట్టం నిండిపోతుంది, రాస్తున్న ప్రోగ్రాము ఆగి ఎదురుచూడాల్సి వస్తుంది. పెద్ద ప్రాజెక్టును కంపైల్ చేస్తూ ప్రతి అడుగునూ తెర మీద చూపించుకుంటే, నెమ్మది టెర్మినల్ మీ కంపైలర్‌ను కూడా నెమ్మది చేస్తుంది. దీనికి టెర్మినల్ మార్చడం కన్నా సులువైన మందు ఉంది: ఆ కుమ్మరింపును ఫైలులోకి మళ్లించండి.

రెండు, ప్రతిస్పందన. మీట నొక్కిన క్షణానికీ అక్షరం తెర మీద కనిపించే క్షణానికీ మధ్య గడిచే కాలం. సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. 144 సార్లు మారే తెరలో అది దాదాపు 7 మిల్లీసెకన్లు. టెర్మినల్ ఒక్క ఫ్రేము ఆలస్యం చేసినా వేలికీ కంటికీ మధ్య ఆ మేరకు దూరం పెరుగుతుంది. టెర్మినల్‌లోనే నడిచే విమ్ అనే ఎడిటర్‌లో గంటల తరబడి రాసేవారికి ఈ తేడా మాటల్లో చెప్పలేకపోయినా తెలుస్తుంది.

మూడు, తెరుచుకునే వేగం. మీట కలయిక నొక్కగానే కొత్త విండో రావడానికి పట్టే సమయం. రోజుకు ఒక విండో తెరిచి వదిలేసేవారికి దీనితో పనిలేదు. ఐ3, స్వే వంటి విండో మేనేజర్లలో రోజుకు నూరుసార్లు చిన్న విండోలు తెరిచి మూసేవారికి మాత్రం అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

నా మటుకు నాకు రెండోదే ప్రధానం. కుమ్మరించిన లక్ష వరుసలను ఎవరూ చదవరు. టైపు చేసే ప్రతి అక్షరాన్నీ మాత్రం చూస్తూనే ఉంటాం.

పెద్ద ఫైలును క్యాట్ ఆదేశంతో తెర మీద చూపించి, పట్టిన సమయం కొలిస్తే చాలదా?

దిగమింగే వేగం తెలుసుకోవడానికి చాలు, మిగతా రెండూ దాంతో తెలియవు. పైగా ఈ పరీక్షలో ఒక చిక్కుంది. వచ్చిన ప్రతి వరుసనూ తెర మీద గీసే టెర్మినల్ ఓడిపోతుంది, మధ్య ఫ్రేములు వదిలేసి చివరి దృశ్యాన్ని మాత్రం గీసే టెర్మినల్ గెలుస్తుంది. వదిలేయడం తప్పు కాదు, కన్ను ఎలాగూ అందుకోలేదు. కాకపోతే ఆ గెలుపును చూసి టైపింగు కూడా చురుగ్గా ఉంటుందని అనుకోకూడదు. అలాక్రిట్టీ అనే టెర్మినల్‌ను రాసే బృందం తయారుచేసిన వీటీఈబెంచ్ అనే కొలత సాధనం కూడా, తాను కొలిచేది పీటీవై నుంచి చదివే వేగాన్ని మాత్రమేనని, ఫ్రేము రేటునూ ప్రతిస్పందననూ కాదని తన వివరణ పత్రంలోనే స్పష్టంగా చెబుతుంది. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

ఫైలు వెతుక్కోకుండా చేయగల పరీక్ష ఒకటుంది. సీక్ ఆదేశంతో 1 నుంచి 10,00,000 వరకు అంకెలు ముద్రించమని చెప్పి, ముందు, పట్టిన సమయాన్ని చూపే టైమ్ అనే మాట చేర్చండి. సరిగ్గా 68,88,896 బైట్లు టెర్మినల్ మీదికి వస్తాయి, కాబట్టి ఎవరి యంత్రంలోనైనా పరీక్ష ఒకటే. పోల్చే టెర్మినళ్లన్నింటిలో విండో కొలత, ఫాంటు, ఫాంటు పరిమాణం, స్క్రోల్‌బ్యాక్ (పైకి జరిగిపోయిన పాత వరుసల నిల్వ) పరిమితి ఒకేలా ఉండాలి. ఒక్కసారి కొలిచి వదలకుండా ఐదారుసార్లు నడిపి, మొదటి ఫలితాన్ని పక్కన పెట్టండి.

ఆ ప్రవాహం మధ్యలో కంట్రోల్, సి కలిపి నొక్కి చూడండి. వెంటనే ఆగిందా, ఇంకా కొంతసేపు వరుసలు దొర్లుతూనే ఉన్నాయా? పొరపాటున పెద్ద లాగ్ ఫైలు తెరిచిన రోజున మిమ్మల్ని కాపాడేది ఈ గుణమే. కొలత పట్టికల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది.

ప్రతిస్పందనను ఇంట్లో కొలవవచ్చా?

కొలవవచ్చు. టైపోమీటర్ అనే చిన్న జావా ప్రోగ్రాము తానే మీటలు నొక్కినట్టు చేసి, తెర మీద అక్షరం ఎప్పుడు వచ్చిందో గమనించి లెక్క చెబుతుంది. లినక్స్‌లో తెరనూ విండోలనూ చూసుకునే పాత వ్యవస్థ ఎక్స్11 కింద ఇది బాగా పనిచేస్తుంది. దాని స్థానంలోకి వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్‌లో ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాము తెరను చూడటం, దానికి మీటలు పంపడం అంత తేలిక కాదు కాబట్టి అక్కడ వేరే దారి కావాలి.

ఆ దారి మీ జేబులోనే ఉండవచ్చు. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే, కీబోర్డూ తెరా రెండూ కనిపించేలా పెట్టి చిత్రీకరించండి. వేలు మీటను అడుగుకు నొక్కిన ఫ్రేము నుంచి అక్షరం కనిపించిన ఫ్రేము వరకు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. ఇందులో కీబోర్డు ఆలస్యం, తెర ఆలస్యం కూడా కలిసే ఉంటాయి, అందుకని వచ్చిన అంకెను అలాగే తీసుకోకుండా రెండు టెర్మినళ్ల మధ్య తేడాను మాత్రమే చూడండి. ఇరవై మీటల సగటు తీస్తే నమ్మదగిన చిత్రం వస్తుంది.

తెరుచుకునే వేగం సంగతి?

హైపర్‌ఫైన్ అనే సాధనానికి టెర్మినల్ పేరు, దానిలో నడపాల్సిన ఆదేశంగా, ఏ పనీ చేయకుండా ముగిసే ట్రూ ఇవ్వండి. విండో తెరుచుకుంటుంది, ఆదేశం వెంటనే ముగుస్తుంది, విండో మూసుకుంటుంది. పదిసార్లు అలా చేసి సగటు చెబుతుంది. కొన్ని టెర్మినళ్లు ముందే నడుస్తున్న తమ ప్రక్రియకు పని అప్పగించి తప్పుకుంటాయి. వాటికి ఈ కొలత పొరపాటు ఫలితం ఇస్తుంది, జాగ్రత్త.

గ్రాఫిక్స్ కార్డును వాడే టెర్మినల్ కచ్చితంగా వేగమైనదేనా?

అలా ఏమీ లేదు. 2017 జనవరిలో అలాక్రిట్టీ వెలువడినప్పటి నుంచి ఈ నమ్మకం బాగా పాతుకుపోయింది. గ్రాఫిక్స్ కార్డులోని ప్రాసెసర్ అయిన జీపీయూ వల్ల పెద్ద తెర మీద నిండా మారే దృశ్యాన్ని గీయడం తేలికవుతుంది. 4కె తెర మీద వేగంగా స్క్రోల్ చేసేటప్పుడు, విమ్‌ను నిలువుగా రెండు భాగాలు చేసుకుని పని చేసేటప్పుడు ఆ మేలు కనిపిస్తుంది. దానికి ఖర్చు కూడా ఉంది. జీపీయూతో గీయించే ఓపెన్‌జీఎల్ అనే వ్యవస్థను సిద్ధం చేసుకోవడానికి మొదట్లో కొంత సమయం పోతుంది, మెమరీ ఎక్కువ పడుతుంది. తెర ఫ్రేముల వేళలకు కట్టుబడి గీస్తే టైపింగులో కొంత ఆలస్యం చేరుతుంది.

ఎదురు ఉదాహరణ ఫుట్. డానియెల్ ఎక్లోఫ్ సీ భాషలో రాసిన ఈ టెర్మినల్ వేలాండ్‌లో మాత్రమే పనిచేస్తుంది, జీపీయూను అసలు వాడదు. మారిన గడులు ఏవో గుర్తుపెట్టుకుని వాటిని మాత్రమే మళ్లీ గీస్తుంది. టైపు చేసేటప్పుడు మారేది ఒకటి రెండు గడులే కదా! అందుకే అది అంత తేలిగ్గా ఉంటుంది. తెర మొత్తం ప్రతి ఫ్రేముకూ మారే పని అయితే, అదీ చాలా పెద్ద తెర మీద, అప్పుడు జీపీయూ ఉన్నవాటిదే పైచేయి.

వర్చువల్ మెషీన్‌లో లినక్స్ నడుపుతున్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ సరైన గ్రాఫిక్స్ తోడు లేకపోతే ఓపెన్‌జీఎల్ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. జీపీయూ కోసం రాసిన టెర్మినల్ అప్పుడు అన్నిటికన్నా నెమ్మదిగా తయారవుతుంది, ఫ్యాను మోత కూడా వినాలి.

ఎక్స్‌టర్మ్ పాతబడిపోయిందా?

ఎక్స్11 కోసం రాసిన ఈ పాత టెర్మినల్ 1984లో మొదలైంది, 1996 నుంచి థామస్ డికీ దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు, ఇప్పటికీ కొత్త సంచికలు (వెర్షన్లు) వస్తున్నాయి. ఎక్స్11లో, ముఖ్యంగా విండోలన్నిటినీ కలిపి తెర మీదికి తెచ్చే కంపోజిటర్ లేకుండా, టైపింగు ప్రతిస్పందన కొలతల్లో ఇది ఎన్నోసార్లు ముందు వరుసలో నిలిచింది. మధ్యలో ఎక్కువ పొరలు లేవు, అదే కారణం. దిగమింగే వేగంలో మాత్రం వెనకబడుతుంది. వేలాండ్ డెస్క్‌టాపులో ఎక్స్11 ప్రోగ్రాములను నడిపే ఎక్స్‌వేలాండ్ మీదుగా నడవాలి కాబట్టి ఆ పాత లాభం కూడా కొంత కరిగిపోతుంది. తెలుగు చదవడానికి ఇది పనికిరాదని మొహమాటం లేకుండా చెబుతాను.

గ్నోమ్ టెర్మినల్ నెమ్మది అని చాలాచోట్ల చదివాను. నిజమేనా?

ఒకప్పుడు నిజం. గ్నోమ్ టెర్మినల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, టిలిక్స్, టెర్మినేటర్, టిక్సిస్ అన్నీ వీటీఈ అనే ఒకే లైబ్రరీ మీద కట్టినవి. ఆ లైబ్రరీ నెమ్మదిస్తే అన్నీ నెమ్మదిస్తాయి, అది బాగుపడితే అన్నీ బాగుపడతాయి. 2024 మార్చిలో గ్నోమ్ డెస్క్‌టాప్ 46వ సంచికతో పాటు వచ్చిన వీటీఈలో క్రిస్టియన్ హెర్గర్ట్ చేసిన పనితో పరిస్థితి మారింది. అంతకుముందు సెకనుకు సుమారు 40 సార్లకు పరిమితమైన గీసే పని, తెర ఫ్రేముల వేళలకు జతపడింది. అంతకన్నా పాత పోలికలను చదివి ఈనాటి గ్నోమ్ టెర్మినల్‌ను తీసిపారేయడం అన్యాయం. ఫెడోరా 41లో, ఉబుంటు 25.10లో గ్నోమ్‌తో వచ్చే టెర్మినల్ టిక్సిస్. మీకు ప్రత్యేకమైన ఇబ్బంది ఏదీ లేకపోతే దానితోనే ఉండండి.

అలాక్రిట్టీ, కిట్టీ, ఫుట్, వెజ్‌టర్మ్, ఘోస్టీ: వీటిలో ఏది ఎవరికి?

అలాక్రిట్టీ రస్ట్ భాషలో రాసినది, మొదలుపెట్టినవారు జో విల్మ్. ట్యాబులు లేవు, విండోను ముక్కలు చేసుకునే వీలు లేదు, రెండు మూడు గుర్తులను కలిపి ఒకే రూపంగా చూపే ఫాంటు లిగేచర్లు లేవు. ఇవి మరచిపోయినవి కావు, వద్దనుకున్నవి. ఆ పనులకు, ఒకే టెర్మినల్‌ను భాగాలు చేసి వాడుకోనిచ్చే టీమక్స్ అనే ప్రోగ్రామునో విండో మేనేజర్‌నో వాడుకోమంటారు. ఒకే పనిని బాగా చేసే పనిముట్టు కోరుకునేవారికి ఇది సరిపోతుంది.

కిట్టీని రాసింది కోవిద్ గోయల్. ఈ-పుస్తకాల ప్రోగ్రాము కాలిబర్ కూడా ఆయనదే. ట్యాబులు, విభజనలు, తెర మీద బొమ్మలు, దూరపు యంత్రాల్లోకి వెళ్లడానికి సాయం, ఇంకా ఎన్నో ఇందులోనే ఉన్నాయి. కీబోర్డు మీటలను ప్రోగ్రాములకు స్పష్టంగా తెలియజేయడానికి కిట్టీ నిర్వచించిన పద్ధతిని ఫుట్, అలాక్రిట్టీ, వెజ్‌టర్మ్, ఘోస్టీ కూడా స్వీకరించాయి. విమ్, ఈమాక్స్ వాడేవారు దాని విలువ వెంటనే గుర్తిస్తారు. తెలుగు విషయంలో కూడా కిట్టీ గురించి కింద ఒక మాట చెబుతాను.

ఫుట్ గురించి పైన చెప్పాను. స్వే వంటి వేలాండ్ వాతావరణంలో ఉంటే ముందు దీన్నే ప్రయత్నించండి. దీనికి సర్వర్ పద్ధతి ఉంది: ఒకే ప్రక్రియ నేపథ్యంలో నడుస్తుంది, ప్రతి కొత్త విండోనూ ఫుట్‌క్లయింట్ అనే చిన్న ప్రోగ్రాము దాని నుంచే తెప్పిస్తుంది. విండో చిటికెలో వస్తుంది, మెమరీ కూడా కలిసొస్తుంది. ఒక్కటే ప్రమాదం, ఆ ప్రక్రియ కూలితే విండోలన్నీ ఒకేసారి పోతాయి. ఎక్స్11 రోజుల్లో యూఆర్‌ఎక్స్‌వీటీ డీమన్ ఇదే సౌకర్యం ఇచ్చేది.

వెజ్‌టర్మ్ అమరికల ఫైలు లువా భాషలో రాసిన ప్రోగ్రాము. ఇంటి యంత్రంలో ఒక రంగు, ఆఫీసు యంత్రంలో మరో రంగు, రాత్రివేళ ముదురు నేపథ్యం వంటివన్నీ షరతులతో రాసుకోవచ్చు. ప్రోగ్రామింగ్ ఇష్టమైతే హాయి, లేకపోతే భారం.

ఘోస్టీ, సాఫ్ట్‌వేర్ సంస్థ హాషీకార్ప్ సహ వ్యవస్థాపకుడు మిచెల్ హషిమోటో జిగ్ భాషలో రాసిన టెర్మినల్, 1.0 సంచిక 2024 డిసెంబరులో వచ్చింది. ఏ ఫైలూ రాయకుండానే చూడముచ్చటగా ఉంటుంది. వందల రంగుల పొందికలు లోపలే ఉన్నాయి. లినక్స్‌లో జీటీకే మీద ఆధారపడుతుంది కాబట్టి మొదటి విండో రావడానికి ఫుట్ కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది.

కేడీఈ డెస్క్‌టాప్ వాడేవారు దానితో వచ్చే కాన్‌సోల్ టెర్మినల్‌ను వదిలి పరుగెత్తాల్సిన అవసరం నాకు కనిపించలేదు. అమరికలన్నీ మెనూలోనే ఉంటాయి, లిగేచర్లు కూడా వస్తాయి.

టెర్మినల్ తెరిచాక ప్రాంప్ట్ రావడానికి రెండు సెకన్లు పడుతోంది. దేనికి మారాలి?

దేనికీ మారకండి. ఇది దాదాపు ఎప్పుడూ షెల్ తప్పే. విండో వెంటనే వచ్చి, ఖాళీగా ఉండి, ఆ తర్వాత ప్రాంప్ట్ వస్తే సందేహమే అక్కర్లేదు. నోడ్ సంచికలను చూసుకునే ఎన్‌వీఎం, పైథాన్ కోసం కాండా, జడ్‌షెల్ మీద పేర్చిన ప్లగిన్లు, ప్రాంప్ట్‌లో గిట్ స్థితి చూపించే స్క్రిప్టులు ప్రతి కొత్త విండోలోనూ మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి. బాష్‌ను ఇంటరాక్టివ్ పద్ధతిలో తెరిచి వెంటనే ఎగ్జిట్ చేయమని చెప్పి, టైమ్‌తో కొలవండి. అంకె పెద్దగా వస్తే బాష్‌ఆర్‌సీ ఫైలులోని వరుసలను సగం సగం కామెంటుగా మార్చుకుంటూ పోండి, దోషి దొరుకుతుంది. ఇలా మూడు టెర్మినళ్లు మార్చాక అసలు కారణం కాండా అని కనుక్కున్నవారిని నేను చూశాను. ఆ శ్రమ మీకు వద్దు.

అమరికల ఫైళ్లు ఎక్కడ ఉంటాయి, ఎలా ఉంటాయి?

కొత్త తరం టెర్మినళ్లన్నీ హోమ్ డైరెక్టరీలోని డాట్‌కాన్ఫిగ్ ఫోల్డరులో తమ పేరుతో ఒక ఫోల్డరు ఆశిస్తాయి. ఫుట్‌ది ఐఎన్ఐ పద్ధతి. కిట్టీ, ఘోస్టీలవి వరుసకో అంశం చొప్పున ఉండే సాదా పాఠం. కిట్టీ మూల ఫైలులో ప్రతి అంశం పక్కనే వివరణ ఉంటుంది, దాన్ని ఒకసారి మొత్తం చదివితే టెర్మినళ్ల గురించి సగం చదువు పూర్తయినట్టే.

అలాక్రిట్టీలో ఒక మలుపు ఉంది. 2023 డిసెంబరులో వచ్చిన 0.13 సంచికతో అది యామల్ పద్ధతిని వదిలి టామల్‌కు మారింది. పాత వ్యాసాల్లోంచి తెచ్చుకున్న ఫైలు పనిచేయడం లేదని అడిగేవారిలో చాలామంది సమస్య ఇదే. ఫైలును చేత్తో తిరగరాయనక్కర్లేదు, అలాక్రిట్టీకి మైగ్రేట్ అనే ఉప ఆదేశం ఇస్తే అదే మార్చిపెడుతుంది.

ఎక్స్‌టర్మ్ అమరికలు ఎక్స్‌రిసోర్సెస్ ఫైలులో ఉంటాయి. మార్చాక ఎక్స్‌ఆర్‌డీబీ ఆదేశంతో లోపలికి ఎక్కించాలి. గ్నోమ్ టెర్మినల్‌వి ఫైలుగా కనిపించవు, డీకాన్ఫ్ అనే భాండాగారంలో ఉంటాయి. కొత్త కంప్యూటర్‌కు మారేముందు డీకాన్ఫ్ డంప్ ఆదేశంతో వాటిని ఒక ఫైలులోకి తీసి దాచుకోండి. ఈ పని మరిచిపోయి ఎన్నో ఏళ్ల రంగుల పొందికను నేను పోగొట్టుకున్నాను.

మార్చిన అమరిక వెంటనే ఎందుకు కనిపించడం లేదు?

అలాక్రిట్టీ, వెజ్‌టర్మ్ ఫైలు భద్రపరచగానే వాటంతట అవే చదువుకుంటాయి. కిట్టీలో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్5 కలిపి నొక్కాలి. ఘోస్టీలో కంట్రోల్, షిఫ్ట్, కామా. ఫుట్‌లో కొత్త విండో తెరవాలి, సర్వర్ పద్ధతిలో ఉంటే సర్వర్‌నే మళ్లీ మొదలుపెట్టాలి.

స్క్రోల్‌బ్యాక్ ఎన్ని వరుసలు పెట్టుకోవాలి?

అలాక్రిట్టీ, గ్నోమ్ టెర్మినల్ మొదట 10,000 వరుసలతో వస్తాయి. కిట్టీ 2,000, ఫుట్ 1,000. ఘోస్టీ వరుసలను లెక్కపెట్టదు, బైట్లను లెక్కపెడుతుంది. అక్కడ 10,000 అని రాస్తే మీకు మిగిలేది చాలా తక్కువ, చూసుకోండి.

లెక్క ఇలా వేసుకోండి. వరుసకు 100 గడులు, 10,000 వరుసలు అంటే 10 లక్షల గడులు. గడికి 16 బైట్లు అనుకున్నా ఒక్క విండోకు 1.6 కోట్ల బైట్లు. ఇరవై విండోలు తెరిచి ఉంచే అలవాటు ఉన్నవారు లక్ష వరుసలు పెట్టుకుంటే 4 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ ఇబ్బంది పడుతుంది. వీటీఈ టెర్మినళ్లు స్క్రోల్‌బ్యాక్‌ను కుదించి, గుప్తీకరించి, టెంప్ డైరెక్టరీలో పేరు చెరిపేసిన ఫైళ్లలో రాస్తాయి. జాబితాలో ఏ ఫైలూ కనిపించకుండా టెంప్ నిండిపోతే ఆశ్చర్యపోకండి. అపరిమితం అని టిక్కు పెట్టిన విండో ఏదో తెరిచి ఉందన్నమాట.

కిట్టీలో ఆలస్యపు అంకెలను సున్నా చేస్తే వేగం పెరుగుతుందా?

రీపెయింట్ డిలే 10 మిల్లీసెకన్లు, ఇన్‌పుట్ డిలే 3 మిల్లీసెకన్లు, తెరతో సమన్వయం ఉంటుంది: ఇవి కిట్టీ సహజ అమరికలు. వాటిని తగ్గిస్తే ప్రతిస్పందన కొంత మెరుగవుతుంది, బదులుగా ప్రాసెసర్ ఎక్కువ పనిచేస్తుంది, బ్యాటరీ తరుగుతుంది. ఇన్‌పుట్ డిలేను సున్నా చేస్తే, ఒకేసారి రావలసిన మార్పు ముక్కలుగా కనిపించి తెర అదిరినట్టు ఉండవచ్చు. డెస్క్‌టాప్ అయితే ప్రయత్నించండి. ల్యాప్‌టాప్‌లో నేను వాటి జోలికి వెళ్లను.

టీమక్స్ వాడితే వేగం తగ్గుతుందా?

మధ్యలో మరో టెర్మినల్ చేరినట్టే కాబట్టి కొంత తగ్గుతుంది. టీమక్స్ కూడా వచ్చిన అక్షరాలను చదివి, తన గడుల్లో పేర్చుకుని, మళ్లీ బయటి టెర్మినల్‌కు పంపుతుంది. మీ టెర్మినల్ స్క్రోల్‌బ్యాక్ అప్పుడు పనికిరాదు, టీమక్స్‌ది వేరుగా ఉంటుంది. విమ్‌లో ఎస్కేప్ నొక్కాక అర సెకను ఆగినట్టు అనిపిస్తే టెర్మినల్‌ను అనుమానించకండి. టీమక్స్ పాత సంచికల్లో ఎస్కేప్ టైమ్ అనే అంశం 500 మిల్లీసెకన్లుగా ఉండేది. 10కి తగ్గిస్తే ఆ ఇబ్బంది పోతుంది.

సర్వర్‌లోకి వెళ్లగానే టెర్మినల్ రకం తెలియదని దోషం వస్తోంది. ఎందుకు?

ప్రతి టెర్మినల్ తన పేరును టర్మ్ అనే వేరియబుల్‌లో చెబుతుంది. కిట్టీ, ఘోస్టీ, ఫుట్, అలాక్రిట్టీ తమ సొంత పేర్లు చెబుతాయి. ఆ పేరు సర్వర్‌లోని టెర్మ్‌ఇన్ఫో జాబితాలో లేకపోతే ఈ దోషం వస్తుంది. మీ యంత్రంలో ఇన్ఫోసీఎంపీ ఆదేశంతో వివరం తీసి, దూరపు యంత్రంలోకి వెళ్లే దారి అయిన ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా సర్వర్‌లోని టిక్ ఆదేశానికి అందిస్తే శాశ్వతంగా తీరుతుంది. కిట్టీ వాడేవారికి దాని సొంత ఎస్‌ఎస్‌హెచ్ సాధనం ఈ పని చేసిపెడుతుంది. మీది కాని సర్వర్ అయితే ఎక్స్‌టర్మ్-256కలర్ అని చెప్పి పని గడుపుకోండి.

టెర్మినల్‌లో తెలుగు ఎందుకు చెదిరిపోతుంది?

నన్ను అన్నిటికన్నా బాధించే ప్రశ్న ఇది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

టెర్మినల్ ప్రపంచం అంతా సమానమైన గడుల మీద నిలిచింది. ఒక అక్షరానికి ఒక గడి, చైనా, జపాన్ లిపులకు రెండు గడులు. తెలుగు అక్షరం అలా ఇమడదు. పైగా షెల్, ఎడిటర్, టెర్మినల్ మూడూ ఒక పదానికి ఎన్ని గడులో విడివిడిగా లెక్కవేసుకుంటాయి. ఆ లెక్కలు కలవకపోతే కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట.

చాలాచోట్ల వాడే పాత లెక్క యూనికోడ్ వర్గీకరణ మీద నడుస్తుంది. గుడి, ఎత్వం, దీర్ఘం, పొల్లు హల్లు మీదే కూర్చునే గుర్తులు కాబట్టి వాటికి సున్నా గడులు. కొమ్ము, సున్న పక్కకు చోటు తీసుకునే గుర్తులు కాబట్టి వాటికి ఒక్కో గడి. ఫలితం చూడండి: ‘కి’ ఒక గడి, ‘కు’ రెండు గడులు! ‘తెలుగు’ అనే మాటలో మనం మూడు అక్షరాలు లెక్కపెడతాం. ఆ సూత్రం ఐదు గడులు అంటుంది. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం, దానికి మూడు గడులు. పట్టిక గీతలు వరుస తప్పడానికి, మాట చెరిపితే ముక్క మిగిలిపోవడానికి మూలం ఇదే.

రెండో సమస్య వత్తులది. హల్లు కింద వత్తును కూర్చాలంటే టెర్మినల్ గడుల సరిహద్దు దాటి అక్షరాల గుంపును కలిపి ఫాంటుకు అప్పగించాలి. అలాక్రిట్టీ ఆ పని చేయదు, కాబట్టి అందులో ‘అమ్మ’ మూడు ముక్కలుగా, మధ్యలో పొల్లుతో కనిపిస్తుంది. ఎమ్‌ఎల్‌టర్మ్ మొదటి నుంచీ బహుభాషల కోసం రాసినది, భారతీయ లిపులను ఉద్దేశించి పనిచేసిన కొద్ది టెర్మినళ్లలో ఒకటి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1, సంయుక్తాక్షరాన్ని ఒకే గుంపుగా గుర్తించే నియమాన్ని తెలుగు సహా ఆరు భారతీయ లిపులకు తెచ్చింది. కిట్టీ, ఘోస్టీ, వెజ్‌టర్మ్, ఫుట్ అక్షరాలను గుంపులుగా లెక్కపెట్టే దిశగా నడుస్తున్నాయి. అది మంచి కబురు. అయితే టెర్మినల్ ఒక్కటే మారితే చాలదు, లోపల నడిచే ఎడిటర్ కూడా అదే లెక్క వేయాలి.

మీ టెర్మినల్ ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక ఫైలులో ‘అమ్మ’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘తెలుగు’, ‘కృష్ణ’ అని వరుసకొకటి రాసి, ప్రతి మాట తర్వాత ఒక నిలువు గీత పెట్టండి. దాన్ని క్యాట్‌తో చూడండి. వత్తులు కుదిరాయా, గీత మాటను కోస్తోందా, మాటకూ గీతకూ మధ్య వెలితి ఉందా? తర్వాత అదే ఫైలును విమ్‌లో తెరిచి కర్సర్‌ను ఒక్కో అక్షరం మీదుగా నడపండి. రెండు నిమిషాల్లో సంగతంతా తెలిసిపోతుంది.

తెలుగుకు వేరే ఫాంటు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవాలి. ప్రోగ్రామింగ్ ఫాంట్లలో తెలుగు ఉండదు, కాబట్టి వ్యవస్థ తనకు దొరికిన ఏదో ఒకదాన్ని తెచ్చి అతికిస్తుంది. కిట్టీలో సింబల్ మ్యాప్, ఘోస్టీలో ఫాంట్ కోడ్‌పాయింట్ మ్యాప్ అనే అంశాలున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల పరిధిని చెప్పి, నోటో సాన్స్ తెలుగునో లోహిత్ తెలుగునో జత చేయండి. ఫుట్‌లో ఫాంటు వరుసలోనే కామా పెట్టి రెండో పేరుగా రాయవచ్చు, పరిమాణం కూడా వేరుగా ఇవ్వవచ్చు. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎత్తు కొద్దిగా పెంచితే కింది వరుసను తాకకుండా ఉంటాయి.

టెర్మినల్‌లో తెలుగు టైపు చేయడం?

ఐబస్ లేదా ఎఫ్‌సీటీఎక్స్ అనే టైపింగు సాధనాల ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు వాడవచ్చు. గ్నోమ్ టెర్మినల్, కాన్‌సోల్‌లో అవి నేరుగా పనిచేస్తాయి. ఎక్స్11లో కిట్టీకి మాత్రం జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ ఐఎమ్ మాడ్యూల్ అనే వేరియబుల్‌కు ఐబస్ అని విలువ ఇవ్వాలి. ఏదీ కనిపించక ప్రశ్న గుర్తులో సంకేతాలో వస్తుంటే, భాషనూ అక్షరాల సంకేత పద్ధతినీ నిర్ణయించే లొకేల్ అమరిక చూడండి. అది యూటీఎఫ్-8 అయి ఉండాలి. సర్వర్లలో చాలాసార్లు ఒట్టి సి లొకేల్ ఉంటుంది.

పారదర్శక నేపథ్యం వల్ల వేగం తగ్గుతుందా?

కంపోజిటర్‌కు పని పెరుగుతుంది, పాత గ్రాఫిక్స్ మీద తెలుస్తుంది. చదవడం కష్టమవుతుందన్నది నా పెద్ద అభ్యంతరం.

చివరికి మీరు ఏది వాడుతున్నారు?

స్వే ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఫుట్, సర్వర్ పద్ధతిలో, స్క్రోల్‌బ్యాక్ 5,000 వరుసలు. ఆదేశాలు, లాగ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ అన్నీ అందులోనే. తెలుగు ఫైళ్లలో వెతకడానికి, వరుసలు క్రమబద్ధం చేయడానికి కిట్టీ తెరుస్తాను, నోటో సాన్స్ తెలుగు జతచేసి. తెలుగు వాక్యాన్ని దిద్దాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ టెర్మినల్ బయటికి వచ్చి గ్రాఫికల్ ఎడిటర్‌లో దిద్దుతున్నాను. ‘కి’కీ ‘కు’కూ ఒకే లెక్క వేసే విమ్ వచ్చిన రోజున ఈ జవాబును తిరగరాస్తాను.